నా అనుభవం: డెబ్బై స్పీడులో ఊగిపోయిన జిప్సీ స్టీరింగ్, అసలు కారణం దొరికేదాకా

మారుతి జిప్సీ కానీ, ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న ఇంకే బండి కానీ వాడేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను. 2024 నవంబర్ చివర మొదలైన ఈ గొడవ 2025 ఫిబ్రవరి మధ్యకి గానీ తేలలేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఇంట్లోవాళ్లని ఆ బండి ఎక్కించాలంటేనే నాకు గుండె దడ వచ్చేది.

మాది విజయవాడ. బండి 2012 మోడల్ జిప్సీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నా చేతికి వచ్చేటప్పటికే దాన్ని ఎత్తు చేయించి, పెద్ద మడ్ టైర్లు వేయించి ఉన్నారు. చూడ్డానికి బాగుంటుంది, వాగుల్లో కింద తగలదు. ఆ ఎత్తు ఎలా తెచ్చారన్నది అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఈ కథలో సగం అక్కడే ఉంది.

నవంబర్ ఆఖర్లో మారేడుమిల్లి వెళ్లి వస్తున్నాం. అక్కడ వాగులు బాగా పారుతున్నాయి, హబ్‌లు (చక్రాల మధ్య భాగాలు) మునిగేంత నీళ్లలో కూడా దిగాం. తిరుగు ప్రయాణంలో ఏలూరు దాటాక హైవే మీద డెబ్బై స్పీడులో ఉన్నాను. ఒక చిన్న వంతెన దగ్గర రోడ్డు అతుకు మీద ముందు ఎడమ చక్రం పడింది. అంతే, స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. వణుకు అనే మాట దీనికి సరిపోదు. రెండు చేతులతో పట్టుకున్నా చేతుల్ని విదిలించేస్తోంది. బానెట్ ఊగుతోంది, డాష్‌బోర్డ్ మీద పెట్టినవన్నీ కింద పడ్డాయి. మా ఆవిడ "ఆపండి, ఆపండి" అని అరుస్తోంది. వెనక సీట్లో మా అమ్మాయి ఏడుస్తోంది. చక్రం ఊడిపోతోందనే అనుకున్నాను.

వెనక లారీ ఉంది కాబట్టి బ్రేకు గట్టిగా తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా బండి నేరుగా పోయేంత వరకే పట్టుకుని, మెల్లగా ఎడమకి తెచ్చాను. అరవైకి తగ్గినా ఆగలేదు, యాభైకీ ఆగలేదు. ముప్ఫై దగ్గరకి వచ్చాక గానీ శాంతించలేదు. దిగి చూస్తే వీల్ నట్లు అన్నీ బిగుతుగానే ఉన్నాయి, టైర్లు బాగానే ఉన్నాయి. పైకి ఏమీ కనిపించకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అక్కడి నుంచి నలభై దాటకుండా ఇంటికి చేరాం. మర్నాటికి కుడి బొటనవేలు వాచింది. అప్పటి నుంచి స్టీరింగ్ చువ్వల లోపల బొటనవేళ్లు పెట్టడం లేదు, అంచు మీదే ఉంచుతున్నాను. అది ఎదురు తిరిగి కొట్టినప్పుడు వేలు విరగడానికి క్షణం చాలు.

సోమవారం పొద్దున్నే ఇంటి దగ్గర టైర్ల షాపుకి వెళ్లాను. "వీల్ బ్యాలెన్సింగ్ పోయింది సార్, ఇంకేం లేదు" అన్నారు. రిమ్ముల లోపల మారేడుమిల్లి బురద ఎండి గట్టిగా అంటుకుని ఉంది, నిజమే. దాన్ని గీకి, బ్యాలెన్స్ చేసి, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా సరిచేసి సుమారు పన్నెండు వందలు తీసుకున్నారు. గంటలో పని అయిపోయింది. ఒక వారం బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు గన్నవరం నుంచి ఒంటరిగా వస్తుంటే అరవై ఐదులో ఒక చిన్న గుంట తగిలి మళ్లీ అదే ఊపు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. బ్యాలెన్సింగ్ పోతే వచ్చే వణుకు ఒక స్పీడులో మొదలై, ఆ స్పీడు దాటితే తగ్గిపోతుంది. రోడ్డు ఎంత నున్నగా ఉన్నా వస్తుంది. ఈ రెండో రకం అలా కాదు. గుంటో, అతుకో ఏదో ఒకటి తగిలితేనే మొదలవుతుంది. మొదలయ్యాక దానంతట అది ఆగదు, స్పీడు బాగా తగ్గిస్తేనే ఆగుతుంది. మీ బండి ఈ రెండో రకంగా చేస్తుంటే బ్యాలెన్సింగ్‌తో సరిపెట్టుకోకండి.

డిసెంబర్ మొదట్లో, ఇలాంటి బండ్లకే మార్పులు చేసే ఒక వర్క్‌షాప్‌కి ఫోన్ చేశాను. వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారమంతా ఆఫీసుకి స్కూటర్ మీదే వెళ్లాను. అక్కడ బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, పాత స్టీరింగ్ డంపర్ (స్టీరింగ్ అదురుని మింగే షాక్ అబ్జార్బర్ లాంటిది) నుంచి ఆయిల్ కారుతోందని చూపించారు. కారుతున్న మాట నిజమే. బలమైన కొత్త డంపర్ వేసి, మూడు వేల చిల్లర బిల్లు ఇచ్చారు. కింగ్ పిన్ల (ముందు చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఆధారమైన పిన్నులు) సంగతి ఏమిటని అడిగితే, "అవసరం లేదండి, ఇక రాదు" అని గట్టిగా చెప్పారు. డిసెంబర్ అంతా నిజంగానే రాలేదు. స్టీరింగ్ కొంచెం బరువెక్కింది కానీ రోడ్డు మీద బండి నిలకడగా అనిపించింది. నా టెన్షన్ పోయింది. మా ఆవిడకి కూడా ధైర్యం వచ్చింది.

భోగికి ముందు శనివారం, జనవరి 11న, తెనాలిలో మా అత్తగారింటికి బయల్దేరాం. మంగళగిరి దాటే లోపే, ఎనభైలో, మళ్లీ వచ్చింది. ఈసారి మొదటిసారి కన్నా ఘోరం. డంపర్ ఉన్నంత కాలం చిన్న ఊపుల్ని అది మింగేసింది, లోపల అరుగుదల మాత్రం పెరుగుతూనే ఉంది. అది ఆపలేని స్థాయికి వచ్చాక ఒక్కసారిగా బయటపడింది. పండగ ట్రాఫిక్‌లో బండిని పక్కకి తెచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. మా ఆవిడ కోప్పడలేదు. "అమ్మాయిని తీసుకుని నేను బస్సులో వెళ్తానండీ, మీరు దీన్ని మెల్లగా ఇంటికి చేర్చండి" అంది, అంతే. వాళ్లిద్దరినీ బస్సెక్కించి వెనక్కి తిరిగొస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. పండగ పూట పెళ్లాం బిడ్డల్ని రోడ్డు మీద దింపాల్సి వచ్చింది, అదీ బాగు చేయించానని నమ్మి బయల్దేరిన బండి నుంచి.

ఆ రాత్రి డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు. వాడికి జీప్ రాంగ్లర్ ఉంది. అక్కడ ఈ ఊపుని డెత్ వాబుల్ అంటారట, రాంగ్లర్ వాడేవాళ్లందరికీ తెలిసిన జబ్బే. "బావా, ముందు ట్రాక్ బార్ బోల్టు చూడు, దాని బుష్ చూడు" అన్నాడు. రాంగ్లర్‌కి ముందు కాయిల్ స్ప్రింగులు. యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునేది ఆ ట్రాక్ బారే. దాని బోల్టు కాస్త వదులైనా, బోల్టు రంధ్రం కాస్త సాగినా చాలు, ఊపు మొదలవుతుంది. జిమ్నీకి కూడా ముందు ఇలాంటి బారే ఉంటుంది, కాబట్టి జిమ్నీ వాళ్లు దాన్నీ చూసుకోవాలి. జిప్సీకి అది లేదు. 1985లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచీ జిప్సీ యాక్సిల్‌ని కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులే) పట్టుకుంటాయి. కాబట్టి మన దగ్గర ఆ పని పట్టీల బుష్‌లు (రబ్బరు తొడుగులు), షాకిల్స్ (పట్టీ కొసని ఛాసిస్‌కి కలిపే ముక్కలు), యూ బోల్టుల (పట్టీని యాక్సిల్‌కి బిగించేవి) మీద పడుతుంది. వాడు చెప్పిన రెండో మాట మాత్రం ఏ బండికైనా పనికొచ్చేదే: "ఏ పార్టూ కొనొద్దు. చక్రాలు నేల మీద ఉండగానే ఒకరు స్టీరింగ్ తిప్పాలి, ఒకరు కింద పడుకుని ఒక్కో జాయింట్‌నీ చేత్తో పట్టుకుని చూడాలి. కదలిక ఎక్కడ ఆగిపోతోందో అక్కడ ఉంది జబ్బు."

కనుమ అయ్యాక కూడా రెండు మూడు రోజులు ఆటోనగర్‌లో చాలా షెడ్లు తెరవలేదు. తెరిచాక, లారీల కమాన్ పని చేసే ఒక పెద్ద వయసు మేస్త్రి దగ్గరకి ఆఫీసు మిత్రుడు తీసుకెళ్లాడు. షెడ్డులో లిఫ్ట్ లేదు, కంప్యూటర్ లేదు. ఆయన చేసిన మొదటి పని నన్ను సీట్లో కూర్చోబెట్టడం. "బాబూ, చిన్నగా అటూ ఇటూ తిప్పుతా ఉండు, నేను ఆపమనే దాకా ఆపొద్దు" అని గోనె పట్టా వేసుకుని కిందకి దూరారు. పది నిమిషాలు తిప్పాను. తర్వాత నన్ను కింద పడుకోబెట్టి, కుర్రాడి చేత తిప్పించి, నా వేళ్లు తీసుకెళ్లి కుడివైపు టై రాడ్ (రెండు ముందు చక్రాల్నీ కలిపే కడ్డీ) ఎండ్ మీద పెట్టారు. లోపల టిక్కు టిక్కుమంటూ తగులుతోంది. కంటికి ఏమీ కనబడదు, వేళ్లకి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు వచ్చే కడ్డీ) చివర కూడా కొంచెం ఉంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి బిగించిన చోట బోల్టులు చూశారు, అక్కడ పగుళ్లు ఏమైనా ఉన్నాయేమోనని టార్చి వేసి మరీ వెతికారు. లేవు.

తర్వాత జాకీ పెట్టి చక్రాన్ని గాల్లోకి లేపారు. పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం ఆడింది. ఇది హబ్ బేరింగా, కింగ్ పిన్నా? నన్ను బ్రేకు తొక్కి ఉంచమన్నారు. బ్రేకు తొక్కితే డిస్క్ పట్టుకుపోయి హబ్ బేరింగ్ ప్లే (వదులు) కనబడదు. అప్పటికీ చక్రం ఆడుతోందంటే అది కింగ్ పిన్. మాది ఆడుతూనే ఉంది, రెండు వైపులా. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. బ్రేకు తొక్కడానికి ఒక మనిషి ఉంటే చాలు. అంతకు ముందు వెళ్లిన రెండు చోట్లా ఎవరూ ఇది చేయలేదన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే ఆ రెండు చోట్ల నుంచీ నేను మా వాళ్లని అదే బండిలో ఎక్కించుకు తిరిగాను.

చివరగా ఆయన కాస్త దూరంగా నిలబడి బండిని పక్క నుంచి చూసి, "ఈ షాకిళ్లు కంపెనీవి కాదే" అన్నారు. జిప్సీకి ముందు పట్టీల షాకిల్స్ ముందు చివరన ఉంటాయి. ఎత్తు కోసం అక్కడ పొడవాటి షాకిల్స్ వేస్తే పట్టీ ముందు కొస కిందికి దిగుతుంది, దాంతో యాక్సిల్ పైభాగం ముందుకి వాలుతుంది. కింగ్ పిన్ గీత కొంచెం వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలునే క్యాస్టర్ అంటారు. అది ఉంటేనే చక్రం తనంతట తాను నేరుగా నిలబడుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి వస్తుంది. అది తగ్గినప్పుడు చక్రానికి నేరుగా నిలబడాలనే బలం పోతుంది. పైగా సాలిడ్ యాక్సిల్‌లో రెండు చక్రాల్నీ ఒకే టై రాడ్ కలుపుతుంది కాబట్టి, ఒకటి కొట్టుకుంటే రెండోదాన్నీ లాగుతుంది. పెద్ద టైర్ల బరువు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఒక్కో జాయింట్‌లో ఉన్న కొంచెం కొంచెం ప్లే అంతా కలిసి ఆ ఊపుకి చోటిచ్చింది. ఫలానా ఒక్క పార్టు వల్లే అని చెప్పే కేసు కాదు ఇది.

ఆయన మాట మీద మర్నాడే అలైన్‌మెంట్ సెంటర్‌కి వెళ్లి క్యాస్టర్ కొలిపించాను. అక్కడ కుర్రాడు "ఈ బండికి క్యాస్టర్ అడ్జస్ట్ అవ్వదు సార్, చూసి లాభం లేదు" అన్నాడు. అడ్జస్ట్ అవ్వకపోయినా పర్లేదు, ప్రింట్ తీసి ఇమ్మని పట్టుబట్టాను. కంపెనీ లెక్క మూడున్నర డిగ్రీలు. నా బండికి ఒక డిగ్రీ కాస్త పైన ఉంది. ఆ కాగితం చూశాక మొదటిసారి నాకు స్థిమితం వచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా ఈ జబ్బుకి ఎక్కడా ఒక అంకె లేదు.

ఇక పార్టుల కోసం వెతుకులాట. జిప్సీ తయారీ ఆగిపోయి ఏళ్లవుతోంది. టై రాడ్ ఎండ్స్ ఆటోనగర్‌లోనే దొరికాయి. వాటిలో ఒకవైపుది ఎడమ మర అని గుర్తుంచుకోండి, జతగా అడిగి తీసుకోవాలి. కింగ్ పిన్ బేరింగులు ఒక షాపులో చూపించారు కానీ పెట్టె మీద ముద్ర తేడాగా ఉంది, మేస్త్రిగారు చేత్తో తిప్పి చూసి వద్దన్నారు. ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్‌లో తెలిసిన డీలర్ నుంచి బేరింగులు, నకిల్ (కింగ్ పిన్లు కూర్చునే, చక్రంతో పాటు తిరిగే భాగం) సీళ్లు, యాక్సిల్ ఆయిల్ సీళ్లు తెప్పించాం. నాలుగు రోజులన్నారు, పదకొండు రోజులు పట్టింది. వచ్చిన పెట్టెలో షిమ్‌లు (బిగువు సరిచేయడానికి వేసే పల్చని రేకులు) లేవు. అవి మళ్లీ విడిగా వెతకాల్సి వచ్చింది. కిట్ ఆర్డర్ చేసేటప్పుడే షిమ్‌లు వస్తాయా అని అడగండి.

ఫిబ్రవరి మొదటి వారంలో విప్పారు. క్యాలిపర్, హబ్, స్పిండిల్, లోపలి షాఫ్ట్ అన్నీ తీశాక గానీ కింగ్ పిన్ బేరింగుల దాకా చేరరు. కుడివైపు నకిల్‌లో గ్రీజు మజ్జిగలా పలచబడి ఉంది. లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ అందులోకి దిగింది, దానికి వాగు నీళ్లు కూడా తోడయ్యాయి. కింది బేరింగ్ రోలర్లు తుప్పు పట్టి, కప్పులో (అవి తిరిగే బయటి రింగులో) వరసగా గుంటలు పడ్డాయి. స్టీరింగ్ నేరుగా ఉన్న చోటే ఆ గుంటలు. ఆ కప్పుని చేతిలోకి తీసుకుంటే ఒళ్లు జలదరించింది. మా బరువంతా మోసింది ఇదేగా అనిపించింది.

బిగించేటప్పుడు ఆయన తీసుకున్న శ్రద్ధ గురించి చెప్పకపోతే అన్యాయం. టై రాడ్ విప్పేసి, సీలు వేయక ముందే, నకిల్ మీద టై రాడ్ కూర్చునే రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగారు. నకిల్ కదలడం మొదలవ్వడానికి ఒక కేజీ నుంచి 1.8 కేజీల మధ్య బలం పట్టాలి. తక్కువ పడితే ఒక షిమ్ తీయాలి, ఎక్కువైతే ఒకటి వేయాలి. ఎడమవైపు రెండోసారికే కుదిరింది, కుడివైపుకి మధ్యాహ్నమంతా పట్టింది. ఈ కొలత లేకుండా కొత్త బేరింగులు వేస్తే వదులు ఉన్నా తెలియదు, బిగుసుకుపోయినా తెలియదు.

ఎత్తు విషయంలో నాకు రెండు దారులు చెప్పారు. పొడవాటి షాకిల్స్ ఉంచుకుని, లారీలకి వేసినట్టు యాక్సిల్‌కీ పట్టీకీ మధ్య వాలు ముక్కలు వేయడం ఒకటి. జిప్సీకి పట్టీ యాక్సిల్ కింద ఉంటుంది కాబట్టి ఆ ముక్క మందం వైపు ముందుకి రావాలి, తిరగేసి వేస్తే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది. రెండో దారి, కంపెనీ కొలత షాకిల్స్ తిరిగి వేసేయడం. నేను రెండోదే ఎంచుకున్నాను. బండి కాస్త కిందికి దిగింది. పర్వాలేదు, నాకు హైవే మీద నమ్మకం ముఖ్యం. పట్టీల బుష్‌లు కూడా కొత్తవి వేయించాను. మళ్లీ అలైన్‌మెంట్ చేయిస్తే క్యాస్టర్ మూడు డిగ్రీల పైకి వచ్చింది.

అన్నీ అయ్యాక మేస్త్రిగారు నేను ఊహించని పని చేశారు. కొత్త డంపర్‌ని విప్పి పక్కన పెట్టి, "ఇది లేకుండా నడవాలి బాబూ, అప్పుడే మనం చేసింది పని" అన్నారు. తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఇద్దరమే హైవే మీదకి వెళ్లాం. నలభైతో మొదలుపెట్టి పదేసి చొప్పున పెంచుకుంటూ పోయాం. ఎనభైలో వంతెన అతుకు తగిలినప్పుడు నా పిడికిళ్లు బిగుసుకుపోయాయి. స్టీరింగ్ ఒకసారి అదిరి, వెంటనే నేరుగా నిలబడింది. ఇంకో రెండు వంతెనలు దాటినా అంతే. షెడ్డుకి తిరిగొచ్చాకే డంపర్ మళ్లీ బిగించారు. ఈ పరీక్ష మాత్రం మీకు మీరు చేయకండి, జాయింట్లన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, పని తెలిసినవాళ్లు పక్కన ఉంటేనే చేయాలి.

ఖర్చు లెక్క: బేరింగులు, సీళ్లు, షిమ్‌లు కలిపి సుమారు ఆరు వేలు. టై రాడ్, డ్రాగ్ లింక్ ఎండ్స్ మూడు వేల లోపు. షాకిల్స్, బుష్‌లు రెండున్నర వేలు. అలైన్‌మెంట్ రెండుసార్లకి పదిహేను వందలు. మేస్త్రిగారి కూలి ఐదు వేలు. మొదట్లో బ్యాలెన్సింగ్‌కీ డంపర్‌కీ పెట్టింది దీనికి అదనం.

ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోమన్నారు, బిగించాం. అన్నిటికీ కాస్త మర తిరిగింది, కాబట్టి ఇది వదిలేయకూడదు. ఇప్పుడు లోతు నీళ్లలో దిగిన ప్రతిసారీ జాకీ పెట్టి, బ్రేకు తొక్కించి, చక్రం ఊపి చూస్తున్నాను. రిమ్ముల లోపలి బురద అక్కడికక్కడే కడిగిస్తున్నాను. స్టీరింగ్ బాక్స్‌లో కొంచెం ప్లే మిగిలి ఉంది. దాని అడ్జస్టింగ్ స్క్రూని ఎక్కువ బిగిస్తే గేర్లు అరిగిపోతాయని, ఈ మాత్రం ఉండనివ్వమని మేస్త్రిగారు చెప్పారు. వేసవిలో బండి మళ్లీ ఆయన దగ్గరకి తీసుకెళ్తాను. మా ఆవిడ తెనాలికి ఇప్పటికైతే బస్సులోనే వెళ్తోంది, నేనూ బలవంతపెట్టడం లేదు.